గడ్డలు తిరిగి ఇచ్చేయండి, ఏమీ అడగను

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల యూనిట్ టెస్టుల గురించి రాద్దామనుకున్నాను. అయితే పది రోజులుగా మన గేటు దగ్గరా, బస్సులోనూ, మీ వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మాట: “స్కూలు వెనక మిట్ట మీద లక్షలు పలికే మొక్క దొరికిందంట.” మొన్న సోమవారం ప్రార్థనకు ముందే ఎనిమిదో తరగతి పిల్లలు నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి చూస్తే, లెక్కపెట్టి ఉంచుకున్న పదకొండు మొక్కల్లో ఏడు లేవు. ఏడు గుంతలు ఉన్నాయి. చిన్న దోకుడుపారతో, తీరిగ్గా, గడ్డలతో సహా తవ్వారు. చుట్టూ పిల్లలు పేర్చిన గులకరాళ్లను ఒక్కటి కూడా చెదరనివ్వలేదు. అంత జాగ్రత్త చూశాక, తవ్వినవాళ్ల బిడ్డ కూడా మన దగ్గరే ఏదో ఒక తరగతిలో చదువుతున్నాడని నాకు అనిపించింది. అందుకే పోలీసుల దాకా పోలేదు. మీకే రాస్తున్నాను.

ముందు ధర సంగతి తేల్చేస్తాను. ఆ మొక్క ధర సున్నా. నేను లెక్కల మాస్టారిని, నా దగ్గర సున్నా అంటే సున్నాయే. ఎర్రచందనం పుణ్యమా అని మన శేషాచలం కొండ మీద మొలిచే ప్రతి కసువు పోచకూ ఎక్కడో కొనేవాడు ఉంటాడని మనకో నమ్మకం పడిపోయింది. షుగరుకు మందని ఒకరు, ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని ఇంకొకరు చెప్పుకున్నారట. గ్రూపులో తిరిగిన ఆ వాయిస్ మెసేజ్ మొదట ఎవరు పెట్టారో గొంతును బట్టి గుర్తుపట్టాను. పేరెంట్స్ మీటింగులో ముందు వరుసలో వినిపించే గొంతే. పోనీలెండి.

అది నేల ఆర్కిడ్. ఆర్కిడ్ అనగానే పెళ్లి మంటపాలకు కట్టే ఊదారంగు పూలు గుర్తొస్తాయి కదా, అదే కుటుంబం. మీరు పిల్లలకు కొనిపెట్టే ఐస్‌క్రీముల్లో వెనీలా వాసన కూడా మొదట ఒక ఆర్కిడ్ కాయదే. అయితే వాటిలాగా ఇది ఆర్భాటం చేయదు. రెండు మూడు గుండ్రటి ఆకులు నేలకు అతుక్కుని పళ్లేలు పరిచినట్టు ఉంటాయి. మధ్యలోంచి జానెడు కాడ లేచి తెల్లపూలు పూస్తుంది. మన పిల్లలు ‘పళ్లెం మొక్క’ అని పేరు పెట్టుకున్నారు. ఫోటోలు చూసి తిరుపతిలో బాటనీ చెప్పే ఒక లెక్చరరు దాని అసలు పేరు హబెనేరియా రాక్స్‌బర్గీ అన్నారు. హబెనా అంటే లాటిన్‌లో పగ్గం. రాక్స్‌బర్గ్ అంటే మన సామర్లకోటలో ఉద్యోగం చేసి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ పెద్దగా వెళ్లిన స్కాట్లండ్ డాక్టరు. మన కొండల్లో జాలారి మానుకు కూడా ఆయన పేరే ఉందని తర్వాత తెలిసింది.

దాన్ని మొదట చూసింది ఎనిమిదో తరగతి బి సెక్షన్ అమ్మాయి. పేర్లు రాయడం లేదని పిల్లలు నా మీద అలిగారు. ఈ గోల చల్లారాక అందరి పేర్లూ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తాను, అంతవరకు ఓపిక పట్టమన్నాను. ఆ అమ్మాయి మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కోవడానికి పోయి, “సార్, నేల మీద ఎవరో ఆకులు అతికించినారు” అని పరిగెత్తుకొచ్చింది. నేను పోయి చూసి అరటాకు ముక్కలేమో అన్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను అన్న తెలివితక్కువ మాటల్లో అదొకటి.

ఆ రోజు నుంచి వాళ్లే నాకు పాఠాలు చెబుతున్నారు. లెక్కల్లో ముప్పై దాటని ఒక పిల్లవాడు మిట్టనంతా అడుగులతో కొలిచి గ్రాఫు కాగితం మీద పటం గీశాడు. స్కేలు, దిక్కులు, పదకొండు చుక్కలు, ఒక్కటీ తప్పు లేదు. నేను మళ్లీ కొలిచి చూశాను కాబట్టి చెబుతున్నాను. మేకలు మేపే తాత ఉన్న ఇంకో పిల్లవాడు, “ఆరుద్రలో ఆకేస్తాది, మఖ, పుబ్బలో పూస్తాది, సంక్రాంతికంతా కనబడదు” అని తాత మాట తెచ్చాడు. మా లైబ్రరీ పుస్తకాల్లో ఇంత సూటిగా ఎక్కడా లేదు.

ఒక సాయంత్రం ఆరు దాటాక వాళ్లతో పాటు నేనూ కూర్చున్నాను. పగలంతా లేని వాసన చీకటి పడే వేళకు మెల్లగా వచ్చింది. పువ్వు వెనక తోకలాగా సన్నటి గొట్టం వేలాడుతుంది. దాని వెనక టార్చి పెడితే లోపల అడుగున తేనె ఎంతవరకు ఉందో గీత గీసినట్టు కనిపిస్తుంది. బి సెక్షన్ అమ్మాయి బాగా చెక్కిన పెన్సిల్ మొనను పువ్వు నోట్లో పెట్టి తీసింది. మొనకు రెండు పసుపు ముద్దలు, చిన్న కాడలతో సహా, జిగురుతో అంటుకుని వచ్చాయి. పుప్పొడి అంతా ఆ ముద్దల్లోనే. గుండ్రంగా చుట్టిన పొడుగు నాలుక ఉన్న రాత్రి చిమ్మట, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకలాంటి పురుగు, వచ్చి గొట్టంలోకి నాలుక పెడితే అవి దానికి అంటుకుని ఇంకో పువ్వుకు పోతాయి. 1862లో డార్విన్ మడగాస్కర్ ఆర్కిడ్ ఒకటి, దాని అడుగు పొడుగు గొట్టం చూసి, అంత నాలుక ఉన్న చిమ్మట ఎక్కడో ఉండి తీరాలి అన్నాడట. చివరికి అలాంటి చిమ్మట దొరికి, 1903లో దానికి పేరు పెట్టారు. “అప్పటికి డార్విన్ పోయి 21 ఏళ్లు సార్” అని ముప్పై మార్కుల పిల్లవాడు నోటితోనే లెక్క చెప్పాడు. వాడి ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరాతో గీత పెట్టింది నేనే.

ఇప్పుడు మిట్ట గురించి. పోయిన ఏడాది నుంచి కమిటీలో కొందరు పెద్దలు నాతో అంటూనే ఉన్నారు: “సార్, ఆ వెనక అంతా ఉత్త బోదగడ్డి, బలుసు కంప, జేసీబీ పిలిపిస్తే ఒక్కపూట పని, చదును చేసి టైల్స్ పరిపిస్తే వాలీబాల్ కోర్టవుతుంది.” ఖర్చు కూడా పెట్టుకుంటామన్నారు, వాళ్ల మంచి మనసుకు దండం. కానీ ఆ ఉత్త బోదగడ్డిలోనే ఈ మొక్క ఉంది! మీరు మే నెలలో వచ్చి చూస్తే ఎండు గడ్డి, రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. అప్పుడు అది చిన్న గడ్డగా నేల లోపల నిద్రపోతుంటుంది. మీద గడ్డి అంటుకుని కాలిపోయినా లోపల బతుకుతుంది. వాన పడితే ఆకులు వేస్తుంది, ఆ ఆకులు సంపాదించిన తిండితో పక్కనే ఇంకో గడ్డను పెంచుతుంది. పాతది ముడుచుకుపోతుంది, వచ్చే ఏడాదికి కొత్తది తయారు. ఇక దాని విత్తనాలు పిండి కన్నా మెత్తగా ఉంటాయి, ఒక్కో కాయలో వేలు. ఆ విత్తనంలో మొలకకు కావలసిన తిండి ఉండదు. నేలలో ఉండే ఒక రకం బూజు పోగులు దానికి తిండి అందిస్తేనే మొలుస్తుంది. ఆ బూజు ఉండాలంటే రాలిన ఆకు కుళ్లాలి, మన్ను గుల్లగా ఉండాలి, జాలారి, బలుసు చెట్ల పలచని నీడ ఉండాలి, వాన నీళ్లు నిలవకుండా రాళ్ల మధ్య జారిపోవాలి. ఇవన్నీ అమరడానికి ఎన్నేళ్లు పట్టిందో. జేసీబీకి ఒక్కపూట చాలు, మీరన్నది నిజమే. కంచె అవతల మొదలయ్యే శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు, నాలుగు వేల ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైమాట. అంత అడవి ఉండగా ఈ పది సెంట్లు ఎందుకు సార్ అని ఒకరు అడిగారు. ఎందుకంటే మన పిల్లలు నడిచిపోయి చూడగలిగేది ఈ పది సెంట్లే. నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లు ఆ మిట్ట మిట్టగానే ఉంటుంది. వాలీబాల్ ముందు గ్రౌండులో ఆడుకోవచ్చు, కావలసినంత చోటుంది.

గడ్డలు తీసుకుపోయినవాళ్లకు ఇది చెప్పాలి. మీ ఇంట్లో కుండీలో పెట్టి ఉంటారు, ఎరువు కూడా వేసి ఉంటారు. కొన్నాళ్లు ఉన్నట్టే ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తే గడ్డ కుళ్లుతుంది. ఒక గుంతలో ముడతలు పడ్డ పాత గడ్డ తెగి అక్కడే ఉండిపోయింది, చింతగింజంత. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ అమ్మాయి ఏడ్చింది. నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. కేసుల భయం ఉంటే వదిలేయండి. వన్యప్రాణి చట్టంలో 1991లో మొక్కల పట్టిక చేర్చినప్పుడు అందులో ఉన్నవి ఆరే, 2022 సవరణలో ఆ పట్టిక మారింది. మూడు ఆర్కిడ్ రకాలు, మన కొండకే సొంతమైన పెరిత అనే సైకస్ మొక్క కూడా ఆ ఆరింటిలో ఉన్నాయి. మన పళ్లెం మొక్క వాటిలో లేదు. మీరు తవ్వింది స్కూలు స్థలంలో, అడవిలో కాదు.

ఇంటి సంగతులు కొన్ని, మీరు ఏమీ అనుకోకపోతే. రాత్రి పదకొండున్నరకు గ్రూపులో ‘లక్షల మొక్క’ గురించి మెసేజ్‌లు పెట్టిన తల్లిదండ్రుల పిల్లలే పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో కునుకుతున్నారు. యాదృచ్ఛికమే అయ్యుంటుంది. ఫార్వర్డ్ చేసేముందు స్కూలుకు ఒక్క ఫోన్ చేస్తే నేను ఎత్తుతాను. సైన్సు ప్రాజెక్టుల కింద జిరాక్సు షాపులో కొన్న థర్మకోల్ ఇళ్లు పంపకండి. అమ్మల చేతిపని చాలా బాగుంటోంది, మార్కులు మాత్రం అమ్మలకు వేయలేము కదా. లంచ్ బాక్సుల్లో మసాలా ప్యాకెట్లు సర్దుతున్నవారికి: ఆ ప్యాకెట్లు గాలికి ఎగిరి పోయేది సరిగ్గా మిట్ట మీదికే. పోయిన శుక్రవారం పిల్లలు ఏరితే ఒక గోనెసంచి నిండింది. బండ్లు గేటు లోపలి దాకా తేవద్దని జూన్ నుంచి చెబుతున్నాను, ఈసారికి ఇంక చెప్పను.

మిగతావి: యూనిట్ టెస్టు పేపర్లు సంతకం పెట్టి పంపండి, మీ సంతకం మీరే పెట్టండి. పదో తరగతివారు ఆధార్ జిరాక్సు ఆఫీసులో ఇవ్వాలి, బస్సు ఫీజు బాకీలు కూడా. దసరా సెలవుల తేదీలు ప్రభుత్వం చెప్పినట్టే.

నీళ్ల ట్యాంకు పక్కన తడి గోనెపట్టా పరిచిన ఒక గంప పెట్టించాను. గడ్డలు తెచ్చి అందులో పెట్టిపోండి, ఏ వేళప్పుడైనా సరే. అటు చూడొద్దని వాచ్‌మన్‌కు చెప్పాను, ఆ వైపు కెమెరా లేదు. కుండీలో మన్నుతో సహా తెస్తే మరీ మంచిది, ఆకు నలగదు. ఏ గుంత ఎక్కడుందో పటంలో ఉంది, మళ్లీ నాటే పని పిల్లలు చూసుకుంటారు. నిన్న సాయంత్రం చూసేసరికి గంపలో రెండు ఉన్నాయి. తెచ్చినవారికి నమస్కారం. ఇంకా ఐదు రావాలి.

మిగిలిన నాలుగింటిలో ఒకటి ఇప్పుడు పూత మీద ఉంది. శనివారం సాయంత్రం ఆరింటికి పిల్లలు చిమ్మట కోసం కాపు కాస్తున్నారు. మీరూ రావచ్చు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని రండి, సెంటు పూసుకోకండి, గులకరాళ్ల గీత దాటకండి. బండి బయటే పెట్టండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు