పిల్లల చదరంగానికి తెలుగులో అభ్యాస పుస్తకం కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన చదరంగ ఒలింపియాడ్‌లో మన దేశం ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్లలో వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. ఆ డిసెంబరులోనే సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ కావడం, నెలాఖరులో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) కిరీటం అందుకోవడం మనమంతా సంతోషంగా చదువుకున్నాం. అప్పటి నుంచి తల్లిదండ్రులు ఏ ఉపాధ్యాయుడు కనబడినా అడుగుతున్న మాట ఒకటుంది. మా పిల్లలకు చదరంగం నేర్పాలనుకుంటున్నాం, ఏ పుస్తకం కొనాలి, ఫోన్‌లో ఏ యాప్ పెట్టాలి అని. లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించి, ఇప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నవాణ్ని కాబట్టి, నాకు తెలిసినంతవరకు దానికి జవాబు చెప్పి, ఆ జవాబులో మిగిలిపోతున్న ఒక పెద్ద లోటును మీ పత్రిక ద్వారా సంబంధితుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు పుస్తకాల సంగతి. ఎత్తులు వేయడం వచ్చిన పిల్లవాడికి తరువాత ఏం నేర్పాలన్న ప్రశ్నకు నేను చూసినవాటిలో అన్నిటికంటె క్రమబద్ధమైన జవాబు నెదర్లాండ్స్‌లో రూపొందిన ‘స్టెప్స్’ పద్ధతిలో ఉంది. రాబ్ బ్రూనియా, కోర్ వాన్ వైగర్డెన్ అనే ఇద్దరు శిక్షకులు 1987 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకు పిల్లవాడి చేతికి ఒక అభ్యాస పుస్తకం, నేర్పేవారికి వేరుగా ఒక మార్గదర్శిక ఉంటాయి. అభ్యాస పుస్తకంలో పేజీకి పన్నెండు బల్ల బొమ్మలు, ప్రతి పేజీకి ఒకే అంశం. ఉపన్యాసం ఉండదు, పిల్లవాడు పెన్సిల్‌తో బాణం గీసి జవాబు చూపిస్తాడు. అయితే ఆ పద్ధతి అసలు బలం బొమ్మల్లో కాదు, పిల్లల బుద్ధి ఏ వరుసలో ఎదుగుతుందో గమనించి పాఠాలను ఆ వరుసలో పేర్చడంలో ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదట పావులే కనిపిస్తాయి, దొరికిన పావునల్లా చంపాలనిపిస్తుంది. కొంతకాలానికి బల్ల మొత్తం కనిపించడం మొదలవుతుంది. ఆ తరువాతగానీ రెండు మూడు ఎత్తుల ముందుచూపు రాదు. మొదటి దశలో ఉన్న పిల్లవాడికి ఓపెనింగులు, అంటే ఆట ఆరంభపు ఎత్తుల వరుసలు, బట్టీ పట్టించడం వృథా అని ఆ శిక్షకులు గట్టిగా నమ్మారు. నా అనుభవమూ అదే.

దీనికి మా గ్రంథాలయంలో ప్రతి కొత్త జట్టులోనూ కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. బల్ల మీద నల్ల రాజు కోట కట్టుకుని, అంటే రక్షణ కోసం మూలకు జరిగి, కూర్చున్నాడు, ముందు మూడు బంట్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, చివరి వరుసకు కాపలా కాసే ఏనుగు లేదు. తెల్ల ఏనుగు నిలువు దారి మొత్తం ఖాళీగా ఉన్న చోట ఉంది. అడ్డంగా అటు చివర ఒంటరి నల్ల బంటు ఒకటి ఉంది. తెల్లవారి ఎత్తు అని చెప్పగానే అయిదో తరగతి పిల్లల్లో ఎక్కువమంది చెయ్యి ఆ బంటు మీదికే పోతుంది. ‘ఉత్తినే వస్తోంది కదా మాస్టారూ’ అంటారు. అదే పిల్లలకు చివరి వరుస ఆటకట్టు (రాజు చివరి వరుసలోనే తప్పించుకోలేక ఓడిపోవడం) బొమ్మలు మాత్రమే ఉన్న పేజీ ఒకటి ఇచ్చి, పన్నెండూ చేయించి, నాలుగు రోజుల తరువాత మళ్ళీ ఇదే స్థితి పెడితే బంటువైపు చూడరు. ఏనుగును తిన్నగా ఎనిమిదో వరుసకు తోసి, కూర్చున్న చోట నిలవలేక లేచి నిలబడతారు. ఎవరూ వివరించి చెప్పలేదు, బొమ్మలే నేర్పాయి. అందుకే మంచి అభ్యాస పుస్తకం లేకుండా చదరంగం నేర్పడం ఎక్కాలు లేకుండా లెక్కలు నేర్పడం వంటిదని నేను అనుకుంటాను.

ఇంగ్లిషులో ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. బాబీ ఫిషర్ పేరుతో 1966లో వెలువడిన ‘బాబీ ఫిషర్ టీచెస్ చెస్’ ఇప్పటికీ దొరుకుతుంది. పేజీకొక ప్రశ్న, పేజీ తిప్పితే జవాబు, కుడివైపు పేజీలన్నీ అయ్యాక పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి వెనక్కి చదువుకుంటూ రావడం దాని ఏర్పాటు. అందులో ఎక్కువ భాగం చివరి వరుస ఆటకట్లే కాబట్టి దాన్ని సంపూర్ణ పాఠ్యగ్రంథంగా కాక తొలి పుస్తకంగా వాడుకోవాలి. హంగరీకి చెందిన లాస్లో పోల్గార్ తన ముగ్గురు కూతుళ్ళను ఇంట్లోనే మేటి క్రీడాకారిణులుగా తీర్చిదిద్దిన తండ్రి. ఆయన కూర్చిన బృహత్సంకలనంలో సమస్యలు, చిన్న ఆటలు కలిపి 5,334 ఉన్నాయి, వాటిలో ఒక్క ఎత్తులో ఆట కట్టేవి 306, రెండు ఎత్తులవి 3,412. ఆ మొదటి 306 చాలు, ఏ బడికైనా ఒక ఏడాది సరిపోతాయి. దాన్ని వాడుకోవడానికి భాష దాదాపు అక్కర్లేకపోవడం మన పిల్లల విషయంలో దాని ప్రత్యేకమైన మేలు. అయితే అది ఇటుకంత లావు పుస్తకం. పిల్లవాడి చేతికిచ్చేది కాదు, నేర్పేవారి బల్ల మీద ఉండాల్సింది.

ఇక సాఫ్ట్‌వేర్. ఈ విషయంలో తల్లిదండ్రులు డబ్బు ఖర్చు పెట్టడానికి తొందరపడవద్దని మనవి చేస్తున్నాను, ఎందుకంటే నేర్చుకునే దశకు కావలసిందంతా ఉచితంగానే దొరుకుతోంది. లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ వేదికలో ప్రకటనలు ఉండవు, రుసుము ఉండదు. పావుల నడక నేర్పే పాఠాల్లో పిల్లలు నక్షత్రాలను ఏరుకుంటూ వెళ్తారు, అక్షరం చదవలేని వాళ్ళు కూడా చూసి నేర్చేసుకుంటారు. తరగతి పేరుతో ఒక ఏర్పాటు ఉంది. అందులో ఉపాధ్యాయుడే పిల్లలకు ఖాతాలు తెరవవచ్చు, పిల్లలకు ఈమెయిల్ ఉండనక్కర్లేదు. పిల్లల రీతి (కిడ్ మోడ్) అనే మీట నొక్కితే అపరిచితుల సందేశాలు, సంభాషణలు ఆగిపోతాయి. తల్లిదండ్రులు మొదట చేయవలసిన పని అది. నెట్ అందని చోట కంప్యూటర్ మాత్రమే ఉంటే లూకాస్ చెస్ అనే ఉచిత ప్రోగ్రాము బాగా పనికొస్తుంది. అందులో చిన్నపిల్లల కోసం కోతి, గాడిద, తోడేలు, సింహం వంటి పేర్లతో బలహీనమైన ప్రత్యర్థులను పెట్టారు. స్టాక్‌ఫిష్ వంటి బలమైన కంప్యూటర్ ఇంజిన్‌తో ఆడి ప్రతిసారీ ఓడిపోతే పసిపిల్లవాడికి ఆట మీద విరక్తి కలుగుతుంది. కోతి మీద గెలిచి గాడిద దగ్గరికి వెళ్ళినవాడు మరునాడు మళ్ళీ వస్తాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఫోన్‌లో నిమిషం ఆటలు, మూడు నిమిషాల ఆటలు మరిగిన పిల్లలు ఆలోచించడం మానేసి వేలు విసురుతారు. తెర మీద మాత్రమే నేర్చుకున్నవారికి టోర్నమెంటులో నిజమైన బల్ల ముందు కూర్చోగానే శకటం దారి కనిపించదు. తాకిన పావునే ఆడాలన్న నియమం, ఎత్తు వేశాక గడియారం నొక్కడం, ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకోవడం, ఇవన్నీ చేతికి అలవాటు కావాల్సిన పనులు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను పజిళ్ళకు, ఆడిన ఆటను తిరిగి చూసుకోవడానికి వాడి, ఆట మాత్రం బల్ల మీద, మనిషి ఎదురుగా ఆడించాలి.

ఇప్పుడు అసలు లోటు. పైన చెప్పిన పుస్తకాల వివరణలు, నేర్పేవారి మార్గదర్శికలు ఇంగ్లిషులోనే మనకు దొరుకుతున్నాయి. నగరాల్లో అకాడమీలకు వెళ్ళే పిల్లలకు దానివల్ల నష్టం లేదు. మండల కేంద్రంలో, పల్లెలో ప్రభుత్వ పాఠశాలలో చదివే పిల్లవాడికీ, అతనికి నేర్పాలని ఉత్సాహపడే వ్యాయామ ఉపాధ్యాయుడికీ మాత్రం అదే అడ్డుగోడ. తెలుగులో చదరంగం పేరుతో నాకు బజారులో కనబడిన చిన్న పుస్తకాలు నియమాలు చెప్పి, రెండు ఓపెనింగులు చూపించి ముగుస్తున్నాయి. నియమాలు ఒక గంటలో వస్తాయి. అక్కడి నుంచి రెండేళ్ళ దారికి చేతికర్ర లేదు.

తెలుగులో అలాంటి పుస్తకం వస్తే అది ఇంగ్లిషు పుస్తకాలకు అనువాదంగా ఉండకూడదని నా అభిప్రాయం. మన ఊళ్ళలో ఈ ఆట కొత్తది కాదు. అరుగుల మీద ఆడిన తాతల తరం ఇంకా ఉంది. వారి పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది, కోట కట్టడం లేదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, చివరి వరుసకు చేరిన బంటు ఆ నిలువు వరుసలో మొదట ఏ పావు నిలిచి ఉంటుందో అదే అవుతుంది. తాత దగ్గర ఇలా నేర్చుకుని బడికి వచ్చిన పిల్లవాడిని అందరిముందు తప్పని ఆపేస్తే, ఆటతో పాటు తాత మీద గౌరవమూ పోతుంది. పాత పద్ధతికీ అంతర్జాతీయ పద్ధతికీ ఉన్న తేడాలను మర్యాదగా ఒక పేజీలో వివరిస్తే ఆ తాతలే మొదటి శిక్షకులవుతారు. ఎత్తులు రాసుకునే విషయంలోనూ భయం అక్కర్లేదు. పావు పేరుకు తన దేశంలో వాడే మాట మొదటి అక్షరాన్ని క్రీడాకారుడు వాడుకోవచ్చని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమావళి అనుబంధమే చెబుతోంది. గడుల గుర్తులకు వాడే ఎనిమిది ఇంగ్లిషు అక్షరాలు ఒకటో తరగతి పిల్లలకూ వచ్చు.

ఈ పుస్తకానికి సమస్యలు ఎక్కడి నుంచి తేవాలి, హక్కుల మాటేమిటి అని అడిగేవారికి కూడా జవాబుంది. లీచెస్ సంస్థ తన దగ్గరున్న లక్షలాది పజిళ్ళను ఎవరైనా, దేనికైనా, అనుమతి అడగకుండా వాడుకునేలా బహిరంగంగా విడుదల చేసింది. ప్రతి సమస్యకు కష్టం ఎంతో తెలిపే అంకె, అది ఏ అంశానికి చెందిందో తెలిపే గుర్తు జతచేసి ఉన్నాయి. ఒక్క ఎత్తులో ఆటకట్టు, చివరి వరుస, గుర్రం రెండు పావులను ఒకేసారి బెదిరించడం, ఇలా అంశాల వారీగా వేరుచేసి, తేలికవాటి నుంచి కష్టమైనవాటి వరకు పేర్చడం కంప్యూటర్ తెలిసిన యువకుడికి వారం పని కూడా కాదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. లీచెస్ విడుదల చేసిన పజిళ్ళ ఫైలులో ఇచ్చిన స్థితి ప్రత్యర్థి ఎత్తుకు ముందుది. పక్కన రాసిన మొదటి ఎత్తు వేశాకే పిల్లవాడికి చూపవలసిన బొమ్మ వస్తుంది. ఇది తెలియక అచ్చువేస్తే పుస్తకమంతా తప్పులవుతుంది. దాని పైన అనుభవమున్న శిక్షకులు కూర్చుని ప్రతి పేజీకి రెండు వాక్యాల తెలుగు, ఉపాధ్యాయుడికి అరపేజీ సూచన రాస్తే సరిపోతుంది.

దీన్ని ఎవరు చేయాలంటే, ముందుగా నాకు తోచేది జిల్లా గ్రంథాలయ సంస్థలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు మనమంతా సెస్సు చెల్లిస్తున్నాం. వేసవి విజ్ఞాన శిబిరాల్లో గ్రంథాలయాలు పిల్లలకు చదరంగం ఆడిస్తూనే ఉన్నాయి. బల్లలు, పావులు కొంటున్నాయి. అదే ఖర్చులో కొంత పుస్తకానికి మళ్ళిస్తే శిబిరం ముగిశాక కూడా నేర్చుకునే పని ఆగదు. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్ళు సంకల్పిస్తే పాఠ్యపుస్తకాల మీద ముద్రిస్తున్న క్యూఆర్ కోడ్ పద్ధతిలోనే దీన్ని దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ బోధన వేదికలో ఉచితంగా ఉంచవచ్చు. బడుల్లో పెట్టిన కంప్యూటర్లలో లూకాస్ చెస్ ఎక్కించడానికి రూపాయి ఖర్చు లేదు, కావలసింది ఒక ఉత్తర్వు.

ఈ కోరికను సమర్థించుకోవడానికి చదరంగం ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను వాదించను. ఇంగ్లండ్‌లో వంద ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ఎత్తున చేసి 2016లో ప్రకటించిన పరిశీలనలో, ఒక ఏడాది తరువాత చూస్తే చదరంగం నేర్చుకున్న పిల్లలకూ నేర్చుకోనివారికీ లెక్కల్లో తేడా కనబడలేదు. లెక్కల మాస్టారుగా ఆ ఫలితం నన్ను నిరుత్సాహపరచలేదు. సంగీతం నేర్పడానికి మార్కుల సాకు వెతకం. ఈ ఆటకూ అది అక్కర్లేదు. పదేళ్ళ పిల్లవాడు ఓడిపోయి, ఎదుటివాడికి చెయ్యి కలిపి, ఎక్కడ తప్పాడో చూసుకుందామని పావులు మళ్ళీ పేర్చడం చూసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

చివరిగా మీకొక విన్నపం. పుస్తకం వచ్చేలోగా మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికి ఒక బల్ల బొమ్మ ప్రచురించండి. మొదటి మూడు నెలలు ఒక్క ఎత్తులో ఆట కట్టేవి మాత్రమే ఇవ్వండి, రెండు ఎత్తులవాటికి తొందరపడవద్దు; జవాబు అదే రోజు కాక మరుసటి వారం, ఎందుకో చెప్పే ఒక వాక్యంతో సహా వేయండి. బొమ్మ కింద ఎవరి ఎత్తో స్పష్టంగా రాయించండి, గడుల అక్షరాలు, అంకెలు అంచున కనబడేలా అచ్చు వేయించండి. కత్తిరించి అట్ట మీద అంటించడానికి మా గ్రంథాలయంలో చేతులు చాలానే ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి