నీ ప్లాను కాగితం చూశాక

పోర్ట్‌బ్లెయిర్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టాలనుకున్న తిట్లన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే. కొబ్బరి ధర సంగతి తర్వాత రాస్తాను. అదికాదు ఇప్పుడు.

నీ ప్లాను కాగితం! అది చూసిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదురా. 8వ తేదీ ఉదయం హేవ్‌లాక్ ద్వీపంలో ఫెర్రీ ఎక్కి, అదే రోజు మధ్యాహ్నం 12 గంటలకి ఇక్కడ విమానం ఎక్కుతావా? ఇదేమన్నా కోటిపల్లి రేవనుకున్నావా, ఈ పంటు పోతే ఇంకో పంటు రావడానికి? ఆ గీత కొట్టెయ్. హేవ్‌లాక్ నుంచి 7నే వచ్చెయ్, రాత్రి మా ఇంట్లో పడుకో, 8న తాపీగా విమానం ఎక్కు.

ఎందుకో చెప్తా విను. వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే ఆ పూట ఫెర్రీలన్నీ ఆపేస్తారు. టికెట్ డబ్బులు తిరిగొస్తాయి, విమానం డబ్బులు రావు. అసలు తిరకాసు అది కూడా కాదు. మర్నాటి ఫెర్రీల్లో సీట్లు ముందే నిండిపోయి ఉంటాయి కదా, ఆగిపోయిన జనమంతా మిగిలిన నాలుగైదు సీట్ల కోసం కౌంటరు మీద పడతారు. ఒక్క రోజు గాలి వీస్తే రెండు రోజులు ఇరుక్కుంటారన్నమాట. జనవరిలో సముద్రం మామూలుగా మంచిదే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా భయం తక్కువ. కానీ తక్కువంటే లేదని కాదుగా.

ఇంకోటి. హోటల్ ముందు ఖాయం చేసి, ఫెర్రీ తర్వాత చూద్దామన్నావు. తలకిందులు! ముందు ఫెర్రీ దొరకాలి, దాన్ని బట్టి హోటలు. ప్రభుత్వ ఫెర్రీ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందే ఇస్తారు. చవకే, కొన్ని వందల్లో అయిపోతుంది. కానీ ద్వీపాల్లో ఉండేవాళ్ల రోజువారీ బండి అది. కూరగాయల బుట్టలు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు, పరీక్షలకి వచ్చే పిల్లలు, అందరూ దాని మీదే. వాళ్ల తర్వాతే మనం. రెండున్నర గంటలు పడుతుంది. ప్రైవేటు ఫెర్రీ, అదే కటమరాన్, అయితే గంటన్నర, వెయ్యి పైన పెట్టాలి, ముందుగానే దొరుకుతుంది. మీ నాన్నగారు వస్తున్నారు కాబట్టి వెళ్లేటప్పుడు ప్రైవేటే తీసుకో.

రేవు దగ్గర తప్పు చెయ్యకు. ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి హాడో నుంచి. రెండూ దగ్గర దగ్గరే, అందుకే ఆటోవాడికి ఉత్త "జెట్టీ" అంటే ఒక్కోసారి రెండోదాని దగ్గర దింపేస్తాడు. గంట ముందు చేరుకో. సామాను స్కానింగు ఉంటుంది, ఒరిజినల్ ఆధార్ చేతిలో పెట్టుకో. పెట్టె అడుగున పెట్టి, అక్కడ వరసలో నిలబడి బట్టలన్నీ గుమ్మరించకు, విశాఖ స్టేషన్లోలాగ! టికెట్ మీద హేవ్‌లాక్ అని ఉండకపోవచ్చు, స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది. 2018 డిసెంబర్ 30న మార్చారు పేరు. 1943లో అదే తేదీన నేతాజీ ఈ ఊళ్లోనే జెండా ఎగరేశారు. మీ నాన్నగారికి చెప్పు, ఫెర్రీ ఎక్కడానికి ముందే హుషారొస్తుంది. మా ఊరు కూడా ఇప్పుడు శ్రీ విజయపురం. రాసేటప్పుడు నా చెయ్యి మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే రాస్తోంది.

ఇక నీ నల్ల కవరు, అదే నీ వాంతుల సంగతి. పాపికొండల లాంచీ ఇంకా మర్చిపోలేదు నేను. (చెల్లెమ్మకి చెప్పలేదుగా?) జాగ్రత్తగా విను. రేవులోంచి బయల్దేరాక కొంతసేపు నీళ్లు అద్దంలా ఉంటాయి. రాస్ ద్వీపం దాటేదాకా అందరూ వీరులే. సమోసాలు తింటారు, వీడియోలు తీసుకుంటారు. అది దాటగానే అసలు సముద్రం. కటమరాన్ అంటే పక్కపక్కన రెండు పొట్టలున్న పడవ. పక్కకి అంత ఒరగదు, కానీ అల ఏటవాలుగా తగిలిందంటే ఒక పొట్ట లేస్తుంది, రెండోది దిగుతుంది, ముక్కు పైకి వెళ్తుంది. నడుము మెలితిప్పినట్టుంటుంది. పైగా తలుపులేసి ఏసీ, లోపల కళ్లకి అన్నీ కదలకుండా కనిపిస్తాయి, చెవిలోపలేమో ఊగుతున్నామని చెప్తుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే వాంతి.

అందరూ ఎక్కువ డబ్బు పోసి ముందు అద్దం దగ్గర, లేదా పై అంతస్తులో కూర్చుంటారు. ఎక్కువ ఎగిరేది ముందు భాగం, ఎక్కువ ఊగేది పైభాగం! కింది అంతస్తులో, మధ్య నుంచి కాస్త వెనక్కి, కిటికీ పక్కన తీసుకో. ఫోను చూడకు, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టు. వాంతి రాకుండా వేసుకునే ఎవోమిన్ మాత్ర ఎక్కడానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక మింగితే ఆ మాత్ర కూడా కవరులోకే. రెండు ఇడ్లీలు తిని ఎక్కు. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలూ వద్దు. నాన్నగారికి మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆ మాత్ర ఇవ్వకు, ప్రోస్టేటు, గ్లకోమా ఉన్నవాళ్లకి పడదు, మత్తు కూడా ఎక్కువ.

అక్కడికి చేరాక... ఇది ముఖ్యం. నువ్వు తీసుకున్న హోటలు విజయనగర్‌లో, 5వ నంబరు బీచి కదా? తూర్పు ఒడ్డు. పోటు మీదుంటే ఫోటోలో ఉన్నట్టే ఉంటుంది. ఆటు వచ్చిందంటే నీళ్లు ఎక్కడికో వెళ్లిపోయి రాళ్లూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. "మోసం చేశారు" అని హోటలువాడి మీద ఎగరకు. వెళ్లగానే ఆ రోజు పోటు ఎన్నింటికో అడుగు, మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, లెక్క వేసుకో. ఈతకి రాధానగర్ వెళ్లు, 7వ నంబరు, పడమటి ఒడ్డు. సూర్యాస్తమయం ఆరుకి కాదురా, జనవరిలో ఐదుంబావుకే అయిపోతుంది! మేం ఇంత తూర్పున ఉన్నా మా గడియారం టైము మీ విశాఖ టైమే. మూడున్నరకల్లా ఇసుకలో ఉండాలి. చివర్లో నీల్స్ కోవ్ అని చిన్న మడుగులాంటిది ఉంది, చూడటానికి ముద్దుగా ఉంటుంది, కాలు కూడా పెట్టకు. 2010లో అక్కడ మొసలి ఒక మనిషిని పొట్టన పెట్టుకుంది. సంధ్యవేళ ఇసుక ఈగలు కుడతాయి, కనబడవు, మర్నాడు దురద తెలుస్తుంది. కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా పట్టించు.

నీల్ ద్వీపం కూడా కలుపుదామన్నావు. మూడు రాత్రుల్లోనా? నా మాట విని... సరే, అది నీ ఇష్టం, కానీ నీల్‌కి వెళ్తే మళ్లీ ఇంకో ఫెర్రీ, ఇంకో కవరు.

అయ్యో, ఈ ఉత్తరం పట్టుకెళ్లే కుర్రాడు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు, విమానం టైమైందట. ఆవకాయ మర్చిపోకు, చిన్న జాడీ కాదు. చెల్లెమ్మకి ముందే చెప్పు, ఒడ్డున ఎంత బాగున్నా సరే గవ్వలూ పగడపు ముక్కలూ సంచిలో వెయ్యొద్దని, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు, పైగా అది

నీ
బుజ్జిగాడు