శుక్రవారం పాటలు ఎందుకు ఆపేశామంటే

మన కాఫీ షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

రెండు నెలలుగా శుక్రవారం సాయంత్రాలు షాపులో పాటలు లేవు. స్పీకర్ పాడైందని కౌంటర్‌లో మా పిల్లలు మీతో చెప్పారు. అలా చెప్పమన్నది నేనే. అది అబద్ధం, క్షమించండి.

సైనిక్‌పురిలో షాపు తెరిచినప్పటి నుంచీ పాటలన్నీ నా సొంత స్పాటిఫై ఖాతాలోంచే పెట్టేవాణ్ణి. నెలనెలా డబ్బు కడుతున్నాను కదా, తప్పేముంది అనుకున్నాను. ఆ చందా మన సొంతంగా వినడానికే, వ్యాపారం చేసే చోట వినిపించడానికి కాదు. కాపీరైట్ చట్టం ప్రకారం నలుగురు కూర్చునే చోట పాట పెట్టాలంటే హక్కుదారుల అనుమతి ఉండాలి.

ఈ సంగతి మన దగ్గర కాఫీ తాగే ఒక గిటారిస్టు అబ్బాయి వల్ల తెలిసింది. "అన్నా, మా పాట పెడుతున్నావు, సంతోషమే. కానీ దానివల్ల మాకేమొస్తుందో తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే కట్టరట. చుట్టాలూ స్నేహితులూ విన్నా, కొత్త బ్యాండ్‌కి ఆ వెయ్యి దాటడం కష్టమే. కొత్తవాళ్ళకి అండగా ఉన్నామని గోడమీద బోర్డు పెట్టుకున్నాను గానీ, ఆ అబ్బాయి చేతికి నా వల్ల ఒక్క రూపాయి వెళ్ళలేదు. ఆ రాత్రే బోర్డు దించేశాను.

ఈ శుక్రవారం నుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాం. రాసిన మాట, కట్టిన బాణీ, చేసిన రికార్డింగ్ మూడూ తమ దగ్గరే ఉంచుకుని, ఏ సంస్థకూ హక్కులు రాసివ్వనివాళ్ళ పాటలే పెడతాం. ముందుగా రాతలో అనుమతి తీసుకుని, పాటకింత అని మాట్లాడుకుని యూపీఐలో పంపుతున్నాం. ఇప్పటికి పదకొండు పాటలు కుదిరాయి, ముప్పావుగంటకు సరిపోతాయి. సినిమా పాటలు మాత్రం ఉండవు. వాటి లైసెన్సులకు డబ్బు కట్టాలంటే కాఫీ ధర పెంచాలి, అది ఇప్పుడు చేయలేను.

షాపు మూశాక రోజూ ఓ గంట వెతుకుతున్నాను. కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో ఊరి పేరు కొట్టి వెతకొచ్చు. నచ్చితే అక్కడే కొనొచ్చు. డిజిటల్ అమ్మకాల్లో సైటువాళ్ళు 15 శాతం తీసుకుంటారు, పేమెంట్ ఛార్జీలు పోగా మిగతాది కళాకారులదే. కోవిడ్ వచ్చిన 2020 మార్చిలో, ఒక శుక్రవారం ఆ వాటా కూడా వదులుకున్నారు. తర్వాత కూడా కొన్ని శుక్రవారాలు అలాగే చేశారు. అలాంటి రోజు చూసి కొనండి.

వినేటప్పుడు నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ప్రతి పాటా చివరిదాకా వినడం. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. అందుకే చాలామంది మొదట్లోనే పల్లవి పెట్టేస్తున్నారు. ఈ పదకొండింటిలో నాకు బాగా నచ్చిన పాటలో మొదటి నిమిషమంతా బేస్ గిటార్ ఒక్కటే మోగుతుంది. మాట వచ్చేసరికి ఒళ్ళు జలదరించింది. పాత అలవాటులో ఉంటే దాన్ని ఎప్పుడో ముందుకు తోసేసేవాణ్ణి.

పేరు తెలియనివాళ్ళ పాటలు ఎవరు వింటారని కొందరు అడుగుతున్నారు. రామ్ మిరియాల సినిమా పాటలతో ఇంటింటికీ తెలియకముందు చౌరస్తా బ్యాండ్‌లో పాడినవారే కదండీ.

మీ ఇంట్లోనో, మీ కాలేజీలోనో సొంతంగా పాటలు కట్టేవాళ్ళుంటే కౌంటర్‌లో పేరు, నంబరు రాసివ్వండి. నేనే ఫోన్ చేస్తాను. శుక్రవారం ఏడింటికి మొదటి పాట ఆ గిటారిస్టు అబ్బాయిదే. డబ్బు నిన్ననే పంపాను.