ఫౌజీ అంటే గేటు కాపలాయేనా?

సంపాదకులకు నమస్కారం.

పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగాక అందరూ ఒకటే మాట, ఏదైనా అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీకి చేరమని. చేరా, మల్కాజిగిరిలో. నైట్ డ్యూటీలో పైఅంతస్తు కుర్రాడొకడు నిద్రపట్టక కిందికొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదని మొదలుపెట్టి పాలవాడు వచ్చేదాకా మాట్లాడేవాడు. నేను సలహాలేవీ ఇవ్వలేదు, విన్నానంతే. సైన్యంలో ఉండగా పోస్టులో పక్క మంచం వాడి మాటలు విన్నట్టే.

ఈ వినడమే పనిగా కౌన్సెలర్ అవుదామనుకుంటే మొదటి గండం డిగ్రీ. పదిహేనేళ్ల సర్వీసుకి ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్-సి ఉద్యోగాలకు పనికొస్తుంది గానీ పీజీ సీటుకి నన్ను దాంతో రానివ్వలేదు. మళ్లీ దూరవిద్యలో బీఏ, ఆపైన సైకాలజీ ఎంఏ. క్లాసులో పిల్లలు నన్ను అంకుల్ అనేవాళ్లు, పర్లేదు. తీరా ప్రాక్టికల్స్‌కి వెళ్తే ఒక సెంటర్‌లో మొహం మీదే అన్నారు, ‘మిలిటరీ వాళ్లకి అరవడమే వచ్చు కదా’ అని.

పుణె సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబర్‌లో సైనికుల కోసమే టెలీ మానస్ (ఫోన్‌లో మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ సేవ) విభాగం పెట్టారు. టెలీ మానస్ నంబరు 14416కి ఎవరైనా ఫ్రీగా ఫోన్ చేయొచ్చు. బాగుంది. కానీ తిరుమలగిరి, బొల్లారం చుట్టూ ఇన్ని వేల మాజీ సైనిక కుటుంబాలున్నాయి, మా రిటైర్డ్ వాళ్లు ఫోన్ తీసి ‘నాకు టెన్షన్‌గా ఉంది’ అంటారా? అనరు. ‘ఏ యూనిట్ సాబ్?’ అని అడిగేవాడు ఎదురుగా ఉంటే అంటారు. సైనిక సంక్షేమ శాఖ మాలాంటివాళ్లకి వారానికి రెండు రోజులు ఒక గది, రెండు కుర్చీలు ఇప్పించగలదా?

- ఒక మాజీ హవల్దార్, సికింద్రాబాద్