కామెర్లన్నీ ఒకటి కావు, మలం రంగు చూడండి

సంపాదకులకు,

వేసవిలో కాలువలు కట్టేసి చెరువులు అడుగంటే రోజుల్లో కోనసీమలోనూ, అటు నరసాపురం, భీమవరం వైపూ కామెర్ల మాట వినబడగానే పసరు, చప్పిడి పథ్యం మొదలవుతాయి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. (గర్భిణులకు ఇ రకం ప్రాణాంతకం కావచ్చు, అది వేరే ఉత్తరానికి సరిపడే సంగతి.) అసలు చిక్కల్లా, పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోయిన మనిషికి కూడా అదే పసరు పోయడం.

ఈ గొట్టాలను చాలామంది పంట కాలువలతో పోలుస్తారు. డెల్టా వాళ్లకు ఆ పోలిక తలకిందులు. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన కాలువ చీలుతూ పోతుంది, ఇవి కలుస్తూ వస్తాయి. కాబట్టి మురుగు డ్రెయిన్లతో పోల్చడమే సరి. కాలేయంలోని సన్న నాళాలు కలిసి కుడి, ఎడమ నాళాలై, బయటికి రాగానే ఒకటవుతాయి. పైత్యరసాన్ని నిల్వచేసే సంచి, అంటే పిత్తాశయపు గొట్టం పక్కనుంచి వచ్చి అందులో కలుస్తుంది. అక్కడినుంచి ఉమ్మడి నాళం. పొడవు సుమారు 8 సెంటీమీటర్లు, వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్లకు మించదు. క్లోమగ్రంథి తలలోంచి దిగి, క్లోమ నాళాన్ని కలుపుకొని చిన్నపేగులోకి తెరుచుకుంటుంది.

ఆ మొగలో గుండ్రటి కండరం ఒకటి లాకు తలుపులా కాపలా ఉంటుంది. కాలేయం రోజుకు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల పైత్యరసం చేస్తుంది. ఖాళీ కడుపున తలుపు మూసుకుని ఉండటంతో అందులో చాలా భాగం పిత్తాశయంలోకి ఎగదన్నుతుంది. ఆ సంచి పట్టేది 30–50 మిల్లీలీటర్లే, అయితే నీరు పీల్చేసి రసాన్ని చిక్కబరుస్తుంది. పులస పులుసు తిన్నాక దాని కొవ్వు పేగును తాకగానే ఒక హార్మోన్ విడుదలవుతుంది, సంచి ముడుచుకుంటుంది, తలుపు తెరుచుకుంటుంది. కొలెస్ట్రాల్ పాలు పెరిగి, సంచి సరిగా ఖాళీ కాకపోతే రాళ్లు కట్టేదీ అక్కడే.

రాయి ఎక్కడ ఇరుక్కుందన్నదే ముఖ్యం. పిత్తాశయపు గొట్టంలోనైతే కుడి డొక్క పైన నొప్పి, ఒక్కోసారి జ్వరం. పెద్ద దారి తెరిచే ఉంటుంది గనుక సాధారణంగా కామెర్లు రావు. అదే రాయి జారి ఉమ్మడి నాళంలో పడితే, గుర్రపుడెక్క అడ్డుపడ్డ డ్రెయిన్‌కు ఎగువనున్న చేలలాగా పైనంతా ముంపే. పైత్యరసంలోని పసుపు రంగు పదార్థం బిలిరుబిన్ పేగుకు చేరక మలం సుద్దలా పాలిపోతుంది. రక్తంలోకి ఎక్కి మూత్రంలో దిగడంతో అది డికాషన్ రంగుకు మారుతుంది, ఒళ్లంతా దురద. చలి, వణుకుతో జ్వరం తోడైతే నాళంలో చీము పట్టిందని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి చేర్చాలి. పెద్ద వయసులో నొప్పి లేకుండా కామెర్లు ముదురుతూ మనిషి చిక్కిపోతుంటే క్లోమం తలలో గడ్డ ఉందేమో చూడాలి.

రక్తపరీక్షలో మొత్తం బిలిరుబిన్ ఒక్కటే చూసి కాగితం మడవకూడదు. డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం మార్చి పైత్యరసంలోకి వదిలే రకం), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (నాళం మూసుకుంటే పెరిగే ఎంజైమ్) బాగా పెరిగితే అడ్డు కోసం వెతకాలి. అల్ట్రాసౌండ్‌లో నాళం ఉబ్బు తెలుస్తుంది. కొసనున్న రాయి మాత్రం పేగులోని గాలి చాటున కనబడకపోవచ్చు. ‘స్కాన్‌లో రాయి లేదన్నారు’ అని ఊరుకోకుండా ఎంఆర్‌సీపీ (ఈ నాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) అడగండి. రాయి తీసేది సాధారణంగా ఈఆర్‌సీపీతో, అంటే నోటిగుండా పేగులోకి ఎండోస్కోప్ గొట్టం దింపి. పైత్యరసం అందక విటమిన్ కె ఒంటబట్టదు, రక్తం తొందరగా గడ్డకట్టదు. అందుకే ముందుగా పీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే) పరీక్ష, అవసరమైతే విటమిన్ కె ఇంజెక్షన్. నాళం తెరిచి ఉంచేందుకు ప్లాస్టిక్ స్టెంట్ (చిన్న గొట్టం) వేస్తే సుమారు 3 నెలల్లో తీయించాలి, లేదా మార్పించాలి. పచ్చదనం పోయింది కదా అని మరిచిపోతే స్టెంటే పూడుకుపోయి మళ్లీ చలిజ్వరం తెస్తుంది.

కామెర్ల వార్త వేసినప్పుడల్లా ‘మలం ఏ రంగులో ఉంది?’ అన్న ప్రశ్న కూడా వేయండి. పసిబిడ్డల విషయంలో మరీ అవసరం. పుట్టి 14 రోజులు దాటినా పచ్చదనం పోక, మలం తెల్లగా వస్తుంటే నాళాలు పుట్టుకతోనే మూసుకుపోయి ఉండవచ్చు. ఉదయపు ఎండలో పడుకోబెడితే అది తగ్గదు. పేగును కాలేయానికి కలిపి కుట్టే ఆపరేషన్ 60 రోజుల వయసు లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. బట్ట మీది మలాన్ని పగటి వెలుతురులో ఫొటో తీసి, ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.

– ఒక శస్త్రచికిత్స వైద్యుడు, అమలాపురం