మా అక్కను కువైట్ నుంచి ఇంటికి చేర్చినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా అక్క క్షేమంగా ఇంటికి వచ్చేసింది. ఫోన్లు చేసి అడుగుతున్నవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఎవరెవరు ఏం చేశారో పూసగుచ్చినట్టు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా వైపు గల్ఫ్ కొత్తేం కాదు. బావ ఆపరేషన్‌కి చేసిన అప్పు తీర్చాలని అక్క ఇంటిపనికి బయల్దేరింది. తెలిసినావిడే కదా అని నమ్మిన సబ్ ఏజెంట్ విజిట్ వీసా మీద దుబాయ్ పంపించి, అక్కణ్నుంచి కువైట్ చేర్చింది. ఈ తిప్పుడు ఎందుకో మాకు తర్వాత అర్థమైంది. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్ట్) ఉన్న ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. అక్కకు 27. విజిట్ వీసా అంటే ఆ తనిఖీలన్నీ తప్పించుకోవచ్చు. అక్కడ దిగగానే పాస్‌పోర్ట్ లాక్కున్నారు. ఒక ఇల్లని చెప్పి మూడిళ్ల చాకిరీ చేయించారు. జీతం అడిగితే "నీకోసం ఏజెంటుకు డబ్బు కట్టాం, నిన్ను కొనుక్కున్నాం" అన్నారట.

మొదటి దండం మా సచివాలయం మహిళా పోలీసు మేడమ్‌కి. "ఏజెంటుతో కూర్చుని మాట్లాడుకోండి, రచ్చ చేస్తే పిల్లకే ఇబ్బంది" అని ఊరంతా అంటుంటే, ఇది మనుషుల అక్రమ రవాణా అని, కేసు పెట్టాల్సిందేనని అన్నది ఆవిడొక్కరే. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని టికెట్, వీసా కాపీ, ఫోన్‌పే ఎంట్రీలు, సబ్ ఏజెంట్ వాయిస్ మెసేజ్‌లు అన్నీ తేదీల వరసలో రెండు పేజీల్లో రాశారు. పోలీస్ స్టేషన్‌కి, కలెక్టరేట్‌కి, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీకి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కి వెళ్లింది ఆ రెండు పేజీలే. ప్రతి ఆఫీసులోనూ అమ్మ మళ్లీ మొదటి నుంచి ఏడుస్తూ చెప్పుకోవాల్సిన పని లేకుండా పోయింది.

కానీ అక్క ఏ ఇంట్లో ఉందో మాకు తెలియదు. అక్కకూ తెలియదు. అప్పుడు డ్వాక్రా గ్రూపు లీడర్ గారు పక్కూరి నుంచి ఒక పెద్దావిడను మా ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడ ఏళ్ల తరబడి కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చారు. "అక్కడ ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా నంబరు పలక ఉంటుందమ్మా, చెత్త పడేయడానికి బయటికొచ్చినప్పుడు దాన్ని ఫోటో తీసి పంపమను" అన్నారు. అక్క చెయ్యి వణుకుతూ తీసిన ఆ ఫోటో సగం మసకగానే వచ్చింది, అంకెలు మాత్రం కనబడ్డాయి. కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్న మన కడప జిల్లా అన్న ఒకరు ఆ నంబరును అక్కడి యాప్‌లో కొట్టి, డ్యూటీ దిగాక స్వయంగా ఆ వీధికి వెళ్లి చూసి, లొకేషన్ ఎంబసీకి పంపారు. అన్నా, నీకు మేమెవరమో కూడా తెలియదు. నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నా తక్కువే.

గోడ దూకి వచ్చేయమని మేం అక్కకు చెప్పబోతుంటే ఆపింది కూడా ఆ అన్నే. అలా వస్తే యజమాని పారిపోయిందని కేసు పెడతాడు, అప్పుడు తిరిగి రావడం ఇంకా కష్టమవుతుంది. ఎంబసీ వాళ్లు కఫీల్‌తో, అంటే వీసా ఇప్పించిన ఆ యజమానితో మాట్లాడారు. ఇంటిపనివాళ్ల పాస్‌పోర్ట్ వాళ్లు ఒప్పుకోకుండా యజమాని దగ్గర ఉంచుకోకూడదని కువైట్‌లో 2015 నుంచి చట్టమే ఉంది. అది గుర్తుచేసి పాస్‌పోర్ట్ ఇప్పించారు. అక్కను షెల్టర్‌లో ఉంచి, కడుపు నిండా తిండి పెట్టి, విమానం ఎక్కించారు. టికెట్ డబ్బులు అక్కడి తెలుగువాళ్లు తలా కొంత వేసుకున్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

వచ్చాక జరిగింది కూడా చెప్పాలి. స్టేషన్‌లో మనుషుల అక్రమ రవాణాకు పెట్టే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 143 సెక్షన్‌తో పాటు ఎమిగ్రేషన్ చట్టం కింద కూడా కేసు కట్టారు. అదే ఏజెంట్ దగ్గర మా చుట్టుపక్కల ఇంకో ముగ్గురు ఆడపిల్లల పాస్‌పోర్టులు ఉన్నట్టు బయటపడింది. ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ గారు, అంతకుముందు శుక్రవారం మసీదులో పెద్దలు, రామాలయం మైకులో కమిటీవాళ్లు ఒకే మాట చెప్పారు: విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే కాగితాలు ముందు సచివాలయంలో చూపించండి అని. మూడు పాస్‌పోర్టులూ ఇళ్లకు తిరిగొచ్చాయి. అక్క వచ్చినప్పుడు ఏడ్చిన దానికంటే ఈ మాట విన్నప్పుడే అమ్మ ఎక్కువ ఏడ్చింది.

ఏఎన్ఎం గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అక్క ఎవరితోనూ మాట్లాడని రోజుల్లో ఏమీ అడగకుండా వచ్చి కాసేపు కూర్చుని వెళ్లేవారు. "అక్కడేం జరిగింది" అని గుచ్చిగుచ్చి అడగని ఇరుగుపొరుగువాళ్లకు కూడా. అడగకపోవడం ఎంత పెద్ద సాయమో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

కేసు ఇంకా నడుస్తోంది. ఇదే ఏజెంట్ ద్వారా వెళ్లి వచ్చిన ఇద్దరు ఆడపడుచులు మాతో పాటు స్టేట్‌మెంట్ ఇచ్చారు. బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు. వాళ్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. ఇంకెవరైనా ఉంటే భయపడకుండా మా మహిళా పోలీసు మేడమ్‌ను కలవండి, మీ వెంట అక్క కూడా వస్తానంటోంది. మీవాళ్లు అక్కడ చిక్కుకుని ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి.