మొద్దుబారిన పెదవి గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. జ్ఞానదంతం తీయించుకుని వారాలు గడిచినా కింది పెదవికి, గడ్డానికి కుడివైపున స్పర్శ తెలియడం లేదనీ, అదే తగ్గుతుందిలే అని ఊరుకున్నాననీ నువ్వు రాసింది చదివినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. చాలామందికి అదే తగ్గుతుందన్నది నిజమే. కానీ డాక్టరు కనిపెట్టి చూస్తుండగా ఎదురుచూడటం వేరు, ఎవరికీ చూపించకుండా నెలలు గడిపేయడం వేరు.

పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముకలోని సన్నని కాలువ గుండా సాగుతుంది. పన్ను వేళ్లు దాన్ని ఆనుకుని ఉంటే తీసేటప్పుడు అది నలగవచ్చు, అరుదుగా తెగనూవచ్చు. నలిగినదైతే వారాల్లోనో కొద్ది నెలల్లోనో తేరుకుంటుంది. లోపలి పోగులు తెగితే మాత్రం అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. ఎముక కాలువే వాటికి దారి చూపుతుంది కనుక ఈ నరం కోలుకునే అవకాశం ఎక్కువ. నాలుక నరానికి ఆ ఆసరా ఉండదు, తెగితే కొసలు ఎడంగా జరిగిపోతాయి. నీ నాలుకకు స్పర్శా రుచీ బాగానే తెలుస్తున్నాయని రాశావు, అది నాకు పెద్ద ఊరట.

ఈ వారంలోనే నోటి, దవడ శస్త్రచికిత్స నిపుణుణ్ణి కలువు, పాత ఎక్స్‌రే తీసుకెళ్లు. నువ్వు కళ్లు మూసుకుంటే ఆయన దూదిపోగుతో తాకి, ఎక్కడ తాకారో చెప్పమంటారు. రెండు మొనలను దగ్గరదగ్గరగా ఆనించి ఒకటిగా తెలుస్తోందా, రెండుగానా అని అడుగుతారు. స్పర్శ లేనంత మేర చర్మం మీదే పెన్నుతో గీయించుకుని ఫొటో తీయించుకో. తర్వాతి నెలలో ఆ గీత లోపలికి జరిగితే నరం కోలుకుంటున్నట్టే. చీమలు పాకినట్టు అనిపిస్తే భయపడకు, అది చాలాసార్లు మంచి సూచనే. గాలి సోకినా భగ్గున మండితే మాత్రం వెంటనే చెప్పు; అటువంటి నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి డాక్టరు చూసి ఇవ్వాలి. బీ12 మాత్రలు మింగుతూ వైద్యం జరిగిపోతోందని మాత్రం అనుకోకు.

సుమారు మూడు నెలలకు కూడా బొత్తిగా స్పర్శ రాకపోతే సూక్ష్మ శస్త్రచికిత్స గురించి అడుగు. మైక్రోస్కోపు కింద నరాన్ని నొక్కుతున్న మచ్చకణజాలాన్ని తొలగిస్తారు, తెగిన కొసలను కుడతారు, అవి అందకపోతే మరోచోటి నుంచి, తరచుగా పిక్క దగ్గరి నుంచి, నరం ముక్క తెచ్చి అతుకుతారు. మునుపటి స్పర్శ పూర్తిగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అయితే ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. నా తొందరంతా అందుకే.

అప్పటిదాకా వేడివి తాగేముందు ఎడమవైపు పెదవితో చూసుకో, భోంచేశాక అద్దంలో చూసుకుని పెదవి కొరుక్కోలేదని తేల్చుకో. డాక్టరు రాసిచ్చిన కాగితాన్నీ ఆ గీత ఫొటోనూ నాకు పంపు.

ఇట్లు,
మీ అమ్మ